కొండసైకిల్ సస్పెన్షన్: సర్దుబాటు, సంరక్షణ

ఫుల్ సస్పెన్షన్ మౌంటెన్ బైక్ అంటే రెండు చక్రాలకూ స్ప్రింగు ఉన్న సైకిల్. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులో ఒక స్ప్రింగు, ఫ్రేము మధ్యలో కూర్చునే వెనక షాకులో ఇంకొకటి ఉంటాయి. 1970లలో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీ కొండల్లో ఈ క్రీడ ఊపందుకున్నప్పుడు ఇలాంటి ఏర్పాటేదీ లేదు. రాళ్ల దెబ్బంతా చేతులు, మోకాళ్లు, నడుమే భరించేవి. 1989లో పాల్ టర్నర్ రాక్‌షాక్స్ సంస్థను మొదలుపెట్టాక ముందు ఫోర్కులు, 1990లలో వెనక సస్పెన్షన్ వాడుకలోకి వచ్చాయి. చక్రం పైకీ కిందికీ కదలగల దూరాన్ని ట్రావెల్ అంటారు. క్రాస్ కంట్రీ పోటీల సైకిళ్లలో అది సుమారు 100 నుంచి 120 మిల్లీమీటర్లు, మామూలు కొండదారుల సైకిళ్లలో 120 నుంచి 150 దాకా ఉంటుంది. నిటారు దిగుడు పోటీల సైకిళ్లలో 200కు చేరుతుంది.

ఇలాంటి సైకిల్ కొన్న రోజున, ఎంత ఖరీదు పెట్టినా, అది ఇంకా ఎవరిదీ కాదు. 55 కిలోల మనిషికీ 90 కిలోల మనిషికీ ఫ్యాక్టరీ నుంచి వచ్చేది ఒకటే. స్ప్రింగు బిగువును నడిపేవారి బరువుకు తగ్గట్టు మార్చుకోకపోతే లక్షలు పోసి కొన్నది కూడా అతి సాధారణమైన సైకిల్ కంటే హీనంగా నడుస్తుంది. ఆ మార్పు ఇంట్లోనే గంటలో అయ్యే పని. అయినా ఎక్కువమంది వదిలేసేది దీన్నే.

షాకులో రెండు భాగాలు కలిసి పనిచేస్తాయి. మొదటిది స్ప్రింగు. ఈనాటి సైకిళ్లలో ఎక్కువ వాటికి ఉక్కు చుట్ట బదులు గాలే స్ప్రింగు. మూసిన గదిలో గాలి పరిమాణం సగానికి తగ్గితే పీడనం రెట్టింపవుతుంది. అందుకే షాకు మొదట మెత్తగా దిగి, చివరికి వెళ్లేకొద్దీ గట్టిపడుతుంది. రెండోది డ్యాంపర్. ఇది సన్నని దారుల గుండా నూనెను నెట్టి కదలికను నెమ్మదింపజేస్తుంది. ఆఫీసు తలుపు దభాలున పడకుండా మెల్లగా మూసే డోర్ క్లోజర్‌లో ఉన్నది ఇదే సూత్రం. డ్యాంపర్ లేని స్ప్రింగు దెబ్బను మింగినట్టే మింగి, తిరిగి మనిషి మీదకే విసురుతుంది.

సర్దుబాటంతా సాగ్‌తో మొదలవుతుంది. మనిషి ఎక్కి కదలకుండా ఉన్నప్పుడు సస్పెన్షన్ ఎంత దిగుతుందో ఆ దిగుడే సాగ్. చక్రం రాయి ఎక్కడానికి పైకి కదిలినట్టే గుంతను అందుకోవడానికి కిందికీ కదలాలి. కొంత దిగుడు ముందే ఉంటేనే ఆ వెసులుబాటు దొరుకుతుంది. కొండదారుల సైకిళ్లకు వెనక 25 నుంచి 30 శాతం, ముందు 15 నుంచి 20 శాతం మంచి ఆరంభం. అయితే ఫ్రేము తయారీదారు వేరే అంకె ఇచ్చి ఉంటే దానికే విలువ ఇవ్వాలి.

కొలిచేటప్పుడు హెల్మెట్, బూట్లు, నీళ్ల సంచీతో సహా, దారిలోకి ఎలా వెళతారో అలాగే ఎక్కాలి. షాకును కదలకుండా బిగించే లాకవుట్ మీట తెరిచి ఉంచాలి. గోడను ఆసరా చేసుకుని రెండు మూడుసార్లు ఊగి, కదలకుండా నిలకడగా ఉన్నాక, షాకు కడ్డీ మీద ఉండే రబ్బరు రింగును సీలు దాకా జరపాలి. తర్వాత ఊపకుండా మెల్లగా దిగి, రింగు ఎంత దూరం జరిగిందో స్కేలుతో చూడాలి. ఇక్కడ చాలామంది ఒక చోట తికమకపడతారు. వెనక లెక్క చక్రం కదిలే దూరం మీద కాదు, షాకు కడ్డీ కదిలే దూరం మీద వేయాలి. ఫ్రేములోని మీటల వల్ల కడ్డీ ఒక మిల్లీమీటరు కదిలితే చక్రం రెండున్నర దాకా కదలవచ్చు. కడ్డీ నిడివి 50 మిల్లీమీటర్లయితే 30 శాతం అంటే 15 మిల్లీమీటర్లు. 140 మిల్లీమీటర్ల ఫోర్కులో 20 శాతం అంటే 28.

గాలి కొట్టడానికి షాక్ పంపే కావాలి. వెనక షాకులో పీడనం 150 నుంచి 250 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా పోతుంది. గాలిగది చాలా చిన్నది కాబట్టి టైర్ల పంపుతో అది అదుపులోకి రాదు. చాలా ఫ్రేములకు మనిషి బరువు పౌండ్లలో ఎంతో అన్ని పీఎస్‌ఐతో వెనక మొదలుపెట్టవచ్చు. 70 కిలోల మనిషికి అది 154 పౌండ్లు, అంటే దాదాపు 155 పీఎస్‌ఐ. షాకులో పెద్ద గదికి ఎదురుగా లోపల ఇంకో చిన్న గాలిగది ఉంటుంది. గాలి కొట్టేటప్పుడు మధ్యమధ్యలో ఆపి, ఫ్రేమును పది పదిహేనుసార్లు మెల్లగా నొక్కితే రెండు గదుల మధ్యా పీడనం సమమవుతుంది. ఈ పని మరిచిపోతే కొలిచిన సాగ్ తప్పుతుంది. పంపు విప్పేటప్పుడు వినిపించే బుస్సుమనే చప్పుడు పంపు గొట్టంలోని గాలిదే, కంగారు అక్కర్లేదు. మళ్లీ తగిలిస్తే మీటరు తక్కువ చూపడం కూడా గొట్టం నిండినందువల్లే.

సాగ్ కుదిరాక రీబౌండ్, అంటే నొక్కుడు నుంచి షాకు తిరిగి లేచే వేగం. దీన్ని మార్చే బిరడా సాధారణంగా ఎర్రగా ఉంటుంది. మరీ వేగంగా ఉంటే సైకిల్ ఎగిరిపడి టైరు నేలను వదులుతుంది. మరీ నెమ్మదిగా ఉంటే వరస రాళ్ల మీద ఒక దెబ్బ నుంచి లేవకముందే రెండో దెబ్బ పడి, షాకు అంతకంతకూ కుంగిపోతుంది. సీట్లో కూర్చుని పేవ్‌మెంటు అంచు మీద నుంచి నెమ్మదిగా దిగి చూడాలి. దిగాక సైకిల్ ఒక్కసారి లేచి నిలకడగా ఆగితే సరిపోయినట్టే. గాలి పెంచినప్పుడు రీబౌండ్‌ను కూడా కాస్త నెమ్మదింపజేయాలి, ఎందుకంటే బిగువైన స్ప్రింగు మరింత బలంగా తిరిగి నెడుతుంది.

కంప్రెషన్ బిరడా దిగే వేగాన్ని అదుపు చేస్తుంది. మొదట పూర్తిగా తెరిచి నడిపి, పెడల్ తొక్కినప్పుడు గానీ బ్రేకు పట్టినప్పుడు గానీ సైకిల్ అతిగా కుంగితేనే ఒక్కో క్లిక్కు మూయడం మేలు. సాగ్ సరిగా ఉన్నా పెద్ద దూకుళ్లలో షాకు అడుగు తగులుతుంటే గాలి పెంచకూడదు. గాలిగదిలో ప్లాస్టిక్ స్పేసర్ చేర్చితే గది ఇరుకై చివరి భాగం మాత్రమే గట్టిపడుతుంది. ఏ మార్పయినా ఒక్కటొక్కటిగా చేసి, అదే దారిలో నడిపి, కాగితం మీద రాసుకోవాలి. రెండు బిరడాలు ఒకేసారి తిప్పితే ఏది ఏం చేసిందో ఎవరికీ తెలియదు.

టైరు కూడా సస్పెన్షనే. ట్యూబ్‌లెస్ టైర్లలో 20 నుంచి 28 పీఎస్‌ఐ సాధారణం, వెనక రెండు మూడు ఎక్కువ. ట్యూబు ఉంటే ఇంత తక్కువ పనికిరాదు. రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి రెండు చోట్ల చిల్లు పడుతుంది. ట్యూబ్‌లెస్ టైరు లోపల చిల్లులను పూడ్చే సీలెంట్ ద్రవం కొన్ని నెలల్లో ఆరిపోతుంది, తెలుగునాట ఎండలకు ఇంకా తొందరగా. రెండు మూడు నెలలకోసారి చూసుకోవాలి.

సస్పెన్షన్‌కు అసలు శత్రువు మట్టి. తడి మట్టి సీళ్ల అంచున చేరితే లోపలి కడ్డీల పూతను గీస్తుంది. ఆ పూత పోతే బాగుచేయడం ఖరీదైన పని. ప్రతి సవారీ తర్వాత తడి గుడ్డతో కడ్డీలు తుడవడం కంటే లాభసాటి సంరక్షణ లేదు. హై ప్రెషర్ పైపుతో కడగడం మాత్రం కూడదు, ఆ ధార సీళ్లను దాటి బేరింగుల్లోకి నీటిని తోస్తుంది.

ఫ్రేము కీళ్లలోని బేరింగులు అరిగితే సైకిల్ వెనక భాగం వదులవుతుంది. సీటు పట్టుకుని వెనక చక్రాన్ని కొంచెం లేపి దించితే టక్‌మనే వదులు చేతికి తెలుస్తుంది. అప్పుడు బోల్టులను టార్క్ రెంచితో, ఫ్రేము పుస్తకంలో ఇచ్చిన అంకె దాకానే బిగించాలి. అయినా వదులు పోకపోతే బేరింగు మార్చాల్సిందే. చైను కూడా సస్పెన్షన్‌తో ముడిపడినదే. చాలా ఫ్రేముల్లో షాకు దిగేకొద్దీ పెడళ్ల ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం పెరుగుతుంది. కాబట్టి కొత్త చైను పొడవును షాకులో గాలి తీసి, చక్రాన్ని పూర్తిగా పైకి నొక్కి నిర్ణయించాలి. పొట్టి చైను పెద్ద దెబ్బలో గేర్లు మార్చే డిరైలర్‌ను విరిచేస్తుంది. 11, 12 గేర్ల చైనును 0.5 శాతం సాగగానే మార్చేస్తే ఖరీదైన పళ్లచక్రాలు దక్కుతాయి. 

ఫోర్కు కింది కాళ్లలోని నూనె, వెనక షాకు గాలిగది సీళ్లు సుమారు 50 గంటల సవారీకి ఒకసారి మారుస్తారు. పూర్తి సర్వీసు రకాన్ని బట్టి 100 నుంచి 200 గంటలకు. 50 గంటల పనిని చేయి తిరిగినవారు ఇంట్లో చేసుకోవచ్చు, గాలంతా తీసేశాకే విప్పాలి. వాల్వు తెరిచి గాలి వదిలినా షాకు కుంగిపోయి పైకి లేవకపోతే లోపలి గదిలో అధిక పీడనం చిక్కుకుందని అర్థం. దాన్ని విప్పితే భాగాలు ఎగిరి ప్రాణాపాయం కలుగుతుంది. అలాంటి షాకునూ, నైట్రోజన్ నింపిన డ్యాంపర్‌నూ సరైన పనిముట్లున్న సర్వీసు కేంద్రానికే ఇవ్వాలి.