మెడలో రెండు గొంతుల కార్డు

*గేటు దగ్గర మనం చూపిస్తే పలికేది ఒక చిప్పు. చూపించకపోయినా పలికేది ఇంకొకటి. రెండూ ఒకే ప్లాస్టిక్ ముక్కలో చేరితే, ఆ కార్డు ఎవరి పక్షం?*

పనికి వెళ్ళే చోట మీకు ఇచ్చిన తెల్లకార్డు ఉంటే ఒకసారి తిప్పి చూడండి. పాతరకం 125 కిలోహెర్ట్జ్ కార్డయితే వెనక చాలావరకు రెండు అంకెల గుంపులుంటాయి. ఉదాహరణకు 0012345678 అని ఒకటి, దాని పక్కన 188,24910 అని ఇంకొకటి. చూస్తే రెండు వేర్వేరు నంబర్లనిపిస్తుంది. 188ని 65,536తో హెచ్చవేసి, 24,910 కలపండి. సరిగ్గా 1,23,45,678 వస్తుంది. ఒకే నంబరును రెండు తీర్ల రాశారన్నమాట.

ఎడిటర్ గారు అప్పజెప్పిన పని వేరు. ఒకే కార్డుతో గేటూ తెరుచుకోవాలి, మనిషి ఎక్కడున్నాడో కూడా తెలియాలి. అలాంటి రెండు ఫ్రీక్వెన్సీల ఆర్ఎఫ్ఐడీ (రేడియో తరంగాలతో గుర్తుపట్టే) కార్డుల మీద ముఖచిత్ర కథనం కావాలి, శుక్రవారానికల్లా. బద్దెనపల్లి టెక్స్‌టైల్ పార్కు ఉన్న తంగళ్ళపల్లిని దృష్టిలో పెట్టుకుని రాయమన్నారు. కంపెనీల బ్రోషర్లు ముందేసుకుని కూర్చున్నాను గానీ, వాటిలోని నవ్వుమొహాల ఫొటోల కంటే కార్డు వెనకున్న ఆ అంకెలే ఎక్కువ మాట్లాడాయి.

ఆ లెక్క వెనక కథ ఇది. తలుపు దగ్గరి రీడరు లోపలి కంట్రోలరుకు కబురు పంపే పాత పద్ధతి పేరు వీగాండ్. బాగా వాడుకలో ఉన్న దాని రూపంలో 26 బిట్లుంటాయి. తప్పులు పట్టుకోవడానికి రెండు పోతే మిగిలేవి 24. అందులో ఎనిమిది బిట్లు సంస్థ కోడ్‌కు, పదహారు బిట్లు కార్డు నంబరుకు. ఎనిమిది బిట్లతో 256 కోడ్‌లు, పదహారు బిట్లతో 65,536 కార్డులు. మొత్తం కలిపితే 1,67,77,216 నంబర్లు. 2011 జనగణనలో తెలంగాణ జనం మూడున్నర కోట్లు. మన రాష్ట్రంలో సగం మందికే చాలని నంబర్లను ప్రపంచమంతా పంచుకుంటోంది. కాబట్టి ఎక్కడో ఒక గేటు దగ్గర మీ నంబరే ఇంకొకరి మెడలో ఉండే అవకాశం ఉంది.

ఇంకో సంగతి. ఈ కార్డులో తాళం లేదు, రహస్యం లేదు. రీడరు దగ్గరికి రాగానే తన నంబరు చెప్పేస్తుంది, అడిగింది ఎవరని చూడదు. ఆ నంబరే వెనక అచ్చై ఉంటుంది. తిరగరాయగల ఖాళీ కార్డులు బజార్లో దొరుకుతాయి. కార్డు వెనకవైపు ఫొటో తీసి సోషల్ మీడియాలో పెట్టేవాళ్ళు తలుపు తాళంచెవి ఫొటో పెడుతున్నట్టే. కొత్తరకం 13.56 మెగాహెర్ట్జ్ కార్డుల్లో మంచివాటికి గూఢలిపి ఉంటుంది. అన్నిటికీ కాదు. ఎక్కువ మంది నమ్ముకున్న మైఫేర్ క్లాసిక్ గూఢలిపిని 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఛేదించారు. ఆ పరిశోధన అచ్చు కాకుండా ఆపాలని చిప్పు తయారుచేసిన ఎన్ఎక్స్‌పీ కోర్టుకెక్కి ఓడిపోయింది.

ఇక రెండో గొంతు. హైదరాబాద్ మెట్రో స్మార్ట్‌కార్డు, కారు అద్దం మీది ఫాస్టాగ్ మీకు తెలిసినవే. మెట్రో కార్డు 13.56 మెగాహెర్ట్జ్‌లో, గేటుకు ఆనిస్తే తప్ప పలకదు. ఫాస్టాగ్ 865–867 మెగాహెర్ట్జ్‌లో, బండి టోల్‌గేటు చేరుతుండగానే కొన్ని మీటర్ల దూరం నుంచే పలుకుతుంది. ఈ రెండు పనులనూ ఒకే ప్లాస్టిక్‌లో పొదిగితే రెండు ఫ్రీక్వెన్సీల కార్డు తయారు. ఒక్కోసారి లోపల రెండు వేర్వేరు చిప్పులుంటాయి. స్విస్ సంస్థ ఈఎం మైక్రోఎలక్ట్రానిక్ తెచ్చిన ఈఎం4423 లాంటివి రెంటినీ ఒకే చిప్పులో ఇమిడ్చాయి. దేనికీ బ్యాటరీ ఉండదు. రీడరు పంపే తరంగం నుంచే శక్తి తీసుకుని మేలుకుంటాయి.

చరిత్ర క్లుప్తంగా: 1945లో సోవియట్లు అమెరికా రాయబారికి కానుకగా ఇచ్చిన కొయ్య చిహ్నంలో మాటలు దొంగచాటుగా వినే బ్యాటరీ లేని యంత్రం ఒకటి దాగి ఉంది. 1948లో హ్యారీ స్టాక్‌మన్ తిరిగొచ్చే తరంగాలతో కబురు పంపడం మీద వ్యాసం రాశాడు. 1973లో సమాచారం దాచుకోగల రేడియో ట్యాగు మీద మారియో కార్డుల్లోకు పేటెంటు దక్కింది. 2003లో వాల్‌మార్ట్ తన పెద్ద సరఫరాదారులను సరుకుకు ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు వేయమంది. మన దేశంలో 2005 మార్చిలో ఒక గెజిట్ నోటిఫికేషన్ 865–867 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు లేకుండా ఆర్ఎఫ్ఐడీకి వదిలింది. రీడరు ప్రసార శక్తి ఒక వాటు దాటకూడదన్నది అందులోని ఒక షరతు. ఆ రీడరు మనిషి వైపు తిప్పొచ్చా, సరుకు వైపే తిప్పాలా అన్నది ఆ నిబంధనల్లో లేదు.

నా అనుమానమంతా అక్కడే: మనిషి వైపు తిప్పితే ఆ రీడరు చెప్పేది నమ్మొచ్చా? 866 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. దానికి కుదిరే యాంటెన్నా అందులో సగం ఉండాలి, కార్డు పొడవేమో 8.56 సెంటీమీటర్లు. అందుకే తీగను మెలికలు తిప్పి ఇరికిస్తారు. పైగా మన ఒంట్లోని నీరు ఈ తరంగాలను పీల్చేస్తుంది. కార్డు జేబులో ఛాతీకి అంటుకుని ఉన్నా, మనిషి రీడరుకు వీపు తిప్పినా జాడ అందకపోవచ్చు. చుట్టూ ఇనుము ఉంటే తరంగాలు తగిలి ఎటో తిరిగొస్తాయి. సాంచాల (మరమగ్గాల) కార్ఖానా నిండా ఇనుమే. అక్కడ కంప్యూటరు 'లేడు' అని చూపిస్తే, కార్మికుడు అటు తిరిగి తెగిన పోగు ముడివేస్తున్నాడని కూడా అర్థం కావచ్చు. అలాంటి రిపోర్టు చూసి కూలి కోస్తే అది అన్యాయం.

మానేరు ఇవతల తంగళ్ళపల్లిలోనైనా, అవతల సిరిసిల్లలోనైనా సాంచాల మీద కూలి దిగిన బట్ట లెక్కనే. ఒక కార్మికుడు ఒకేసారి అనేక సాంచాల మధ్య తిరుగుతూ ఉంటాడు. ఆ తిరగడమే పని. అతను ఏ మూల ఎన్ని నిమిషాలున్నాడో తెలిసినంత మాత్రాన సాంచాల ఆసామికి గానీ నూలిచ్చే సేటుకు గానీ ఒక మీటరు బట్ట ఎక్కువ రాదు. బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో సంగతి వేరు. కత్తిరించిన ముక్కల కట్టకు కార్డు తగిలించి, ఒక్కో మిషను దగ్గర దాన్ని చదివిస్తే పని ఎక్కడ ఆగిందో, ఎవరికి ఎన్ని ముక్కల కూలి రావాలో తేలుతుంది. ఇది కార్మికుడికీ మేలే. అక్కడ జాడ తీసేది కట్టను.

చట్టం ఏమంటుంది? 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని తేల్చింది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని ఏడో సెక్షన్ మాత్రం ఉద్యోగ అవసరాలకూ, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికీ విడిగా సమ్మతి అడగకుండానే డేటా వాడుకునే వీలిచ్చింది. ఆ సందులోంచి దూరం నుంచి పలికే కార్డు సులువుగా దూరిపోతుంది. కార్డును రీడరుకు ఆనించడంలో 'ఇదిగో వచ్చాను' అని మనమే చెప్పడం ఉంది. రెండో చిప్పు ఆ మాటను మన నోటి నుంచి లాగేసుకుంటుంది. మస్టర్లో రోజుకు రెండు గీతలుండేవి. ఇప్పుడు వందల గీతలు పడొచ్చు, వాటిని చదివే హక్కు యజమాని ఒక్కరికే ఉంటుంది.

కాబట్టి నా మాట ఇది: దూరం నుంచి పలికే చిప్పును బీముకు కట్టండి, తానుకు కట్టండి, లారీకి అంటించండి. మనిషి మెడలో వేస్తే మాత్రం ఆ సంగతి అతనికి తెలుగులో రాసిచ్చి, అతని గీతలు అతనికీ చూపించండి.

మీ కార్డు ఏ రకం?

- చీకట్లో ఫోన్ టార్చి మీద ఆనించి చూడండి. పల్చటి కార్డయితే లోపలి తీగ కనిపిస్తుంది. గుండ్రటి చుట్ట ఉంటే చాలావరకు 125 కిలోహెర్ట్జ్. అంచుల వెంట దీర్ఘచతురస్రంగా తిరిగితే 13.56. రెండువైపులా మెలికల చేతులు చాచి ఉంటే దూరం నుంచి పలికేది.
- ఎన్ఎఫ్‌సీ ఉన్న ఫోన్ వెనక పెట్టి చూడండి. స్పందిస్తే 13.56 చిప్పు ఉన్నట్టే. మిగతా రెండు రకాలను ఎన్ఎఫ్‌సీ పట్టుకోలేదు.
- గుండ్రటి చుట్టతోనో దీర్ఘచతురస్రపు తీగతోనో పాటు మెలికలూ కనిపిస్తే అది రెండు గొంతులదే. మూడు ప్రశ్నలు అడగండి: రీడర్లు ఎక్కడెక్కడ ఉన్నాయి? ఆ లెక్క ఎన్నాళ్ళు దాస్తారు? కూలికీ దానికీ సంబంధం పెడతారా?