ఆటస్థలపు ఆకారమును ఆటగాండ్ర అలవాటును

అమెరికా దేశమున మిక్కిలి వ్యాప్తిగల బేస్‌బాలు ఆటను గూర్చి మా విద్యార్థులు కొందరు ఈ సంవత్సరము మమ్ము ప్రశ్నించిరి. దాని మైదానము ఒక్కొక్క పట్టణమున ఒక్కొక్క ఆకారమున నుండుటేల? అందువలన ఆడువారికి కలుగు భేదమేమి? మన ఆటోనగర్ బాలుర క్రికెట్టునకు గూడ ఈ ప్రశ్నతో సంబంధము గలదు గనుక కొంచెము విపులముగా వ్రాయుచున్నాము.

బేస్‌బాలులో కొట్టువాడు మైదానపు మూలయందు నిలుచును. నాలుగు బేసులు చతురస్రముగా నుండును; ఒకదానికొకటి 90 అడుగుల దూరము. ఈ కొలత ఎచ్చటను మారదు. క్రికెట్టులోవలె వెనుకకు కొట్టి పరుగు తీయుటకు వీలులేదు. ఎదుటనున్న రెండు రేఖల నడుమనే బంతి పడవలెను. అచ్చటి గోడను దాటించినవాడు నాలుగు బేసులను నెమ్మదిగా చుట్టి రావచ్చును. ఇదియే హోమ్‌రన్. ఆ గోడ ఎంత దూరమున, ఎంత ఎత్తున నుండునది మాత్రము మైదానమును బట్టి మారును. 1958 తరువాత కట్టువానికి రేఖల వెంబడి 325 అడుగులు తగ్గరాదని నియమము చేసిరి. పాతవి అప్పటికే వీధుల నడుమ ఇమిడినంత మేరకు వెలసియుండెను.

బోస్టను నగరమున 1912లో తెరువబడిన ఫెన్‌వే పార్కు అట్టిది. ఎడమప్రక్క లాన్స్‌డౌన్ వీధి అడ్డుపడుటచే గోడ సుమారు 310 అడుగులలోనే వచ్చినది. అంత దగ్గర గనుక దానిని 37 అడుగుల ఎత్తు లేపిరి. కుడిచేతివాడు బలముగా లాగి కొట్టిన బంతి సాధారణముగా ఎడమకే పోవును. వేరొకచోట చేజిక్కదగిన ఎత్తుబంతి ఇచ్చట గోడకు తగిలి, కొట్టినవానికి రెండు బేసులు సంపాదించి పెట్టును. వేరొకచోట గోడ దాటదగిన పల్లపు దెబ్బ ఇచ్చట గోడనడుమ తగిలి క్రింద పడును. అచ్చట కాపుండువాడు బంతి ఏ కోణమున తిరిగివచ్చునో నేర్వవలెను. 1961లో ఆ జట్టున ప్రవేశించిన కార్ల్ యస్త్రెమ్‌స్కీ ఈ విద్యలో ప్రసిద్ధుడు.

న్యూయార్కున 1923లో తెరచిన యాంకీ స్టేడియము దీనికి విరుద్ధముగా నుండెను. కుడిరేఖ వెంబడి గోడ సుమారు 295 అడుగులలోనే యుండెను. ఎడమ నడిమి భాగము విపరీతమైన లోతుగా నుండెను. ఎడమచేతివాడగు బేబ్ రూత్‌కు అది కలిసివచ్చెను. కుడిచేతి జో డిమాజియో కొట్టిన గట్టి దెబ్బలనేకము ఆ లోతున పట్టుబడెను. ఒకే బలము, ఒకే నేర్పు. స్థలమును బట్టి ఫలము వేరు.

ఇందులో చిక్కొకటి గలదు. ఆ దేశపు పెద్ద జట్లు సంవత్సరమున ఆడు 162 ఆటలలో సగమే స్వస్థలమున జరుగును. తమ గోడకు తగినవారినే ఏరుకొన్న బోస్టనువారు పరస్థలములందు తడబడుచుండిరని విమర్శకులు పలుమారు వ్రాసిరి. ఆ విమర్శ కొంత న్యాయమనియే మాకు తోచుచున్నది.

ఇక మన సంగతి. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టు షెడ్లు మూసియుండు ఆదివారములందు బాలురు సందులలో ఆడుదురు. సందు పొడవు, వెడల్పు లేదు. షెడ్డులోనికి పోయిన బంతి అవుటని వారి కట్టడి. (బంతి తిరిగి దొరకుటయు దుర్లభమే.) కావున బౌలరు తలమీదుగా నేరుగా కొట్టుటలో వీరు గట్టివారు. ఆఫ్ స్టంపునకు వెలుపల పొట్టిగా పడిన బంతిని మాత్రము ఊరక విడిచిపెట్టుదురు. చూచువారు దానిని భయమందురు. భయము గాదు, చిన్ననాటినుండి చేతికి అబ్బిన లెక్క. ఎంపికకు పోయిన బాలుని “దెబ్బలు తక్కువ” అని త్రిప్పిపంపినచో తలిదండ్రులును వానినే నిందింతురు. వాని బంధువర్గములో ఎవరును ఆ సందును నిందింపరు!

క్రికెట్టులోను మైదానపు ఆకారము ఒక్కటి గాదు. అంతర్జాతీయ నియమములు హద్దును 65 గజములకు తగ్గక 90 గజములకు మించక యుంచుమనును. ఆ నడుమ ఎట్లున్నను చెల్లును. 2002 నవంబరు 24న భారత, వెస్టిండీసు జట్లు ఆడిన మన ఇందిరాగాంధీ స్టేడియమువంటి విశాల స్థలమున మన బాలుడు తొలిసారి నిలిచినప్పుడు, ఇరుప్రక్కల ఖాళీ వానికి లాభముగా గాక క్రొత్తదిగా తోచును.

అందుచేత మా పాఠశాల మైదానమున ఒక వారము వికెట్లను నిలువునను, మరొక వారము అడ్డమునను పాతించుచున్నాము. ప్రక్కకు కొట్టి తీసిన పరుగులను రెట్టింపుగా లెక్కింతుము. అడ్డముగా పాతిన వారములో సాయంకాలపు ఎండ కన్నులలో పడుచున్నదని బ్యాట్సుమన్లు మొఱపెట్టుచున్నారు. ఆ వారము ఆటను ఉదయమునకు మార్చితిమి.