కుప్పం కుర్రాళ్లూ, మన అపోహలూ

పుదుచ్చేరి బీచ్ రోడ్డు దాటి ఉత్తరంగా వెళితే కురుసుకుప్పం, ఆ పక్కనే వైతికుప్పం. కుప్పం అంటే జాలరుల పేట. మాసి మగం పండుగ నాడు చుట్టుపక్కల గుళ్ల ఉత్సవ విగ్రహాలు తీర్థవారికి, అంటే సముద్ర స్నానానికి, ఈ తీరానికే వస్తాయి. ఇలాంటి పేటల కుర్రాళ్ల మీద మాత్రం ఊళ్లో కొన్ని అభిప్రాయాలు గట్టిగా పాతుకుపోయి ఉంటాయి.

అపోహ: నేరాల్లో సగం కుర్రకారువే, అదీ దిక్కులేని పిల్లలవే.

వాస్తవం: జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశమంతటా మైనర్ల మీద నమోదైనవి 30,555 కేసులు. ఆ ఏడాది మొత్తం కేసులు 58 లక్షల పైచిలుకు. పట్టుబడిన మైనర్లలో అత్యధికులు అమ్మానాన్నలతో ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లే.

అపోహ: నాలుగు తగిలించి, ఒకసారి జైలు చూపిస్తే దారికొస్తారు.

వాస్తవం: అమెరికాలో దీన్ని ఏళ్ల తరబడి చేసి చూశారు. పిల్లల్ని జైలుకు తీసుకెళ్లి ఖైదీలతో బెదిరించారు. ఆ ప్రయోగాలన్నిటినీ కలిపి లెక్కగడితే, అసలేమీ చేయకుండా వదిలేసిన పిల్లలకన్నా వీళ్లే ఎక్కువగా నేరాల్లోకి వెళ్లారని తేలింది. అయినా మన దగ్గర ఆ సలహా ఇచ్చేవాళ్లకు కొదవలేదు!

అపోహ: కుర్రాళ్ల కొట్లాటల మీద పరిశోధకులు వచ్చి ఫారాలు నింపుకుని పోతారు, ఊరికి ఒరిగేదేమీ లేదు.

ఈ ఫిర్యాదులో కొంత నిజం లేకపోలేదు. కానీ అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఫ్లింట్ పట్టణంలో చేసిన పని వేరు. అక్కడ పాడుబడ్డ ఖాళీ స్థలాల్లో గడ్డి కోసి శుభ్రం చేసింది కాలనీవాసులే, కొట్లాటల లెక్క తీసింది పరిశోధకులు. పట్టించుకోకుండా వదిలేసిన వీధులకన్నా బాగుచేసిన వీధుల్లో దాడులు, హింసాత్మక నేరాలు దాదాపు 40 శాతం తక్కువగా కనిపించాయి.

మన దేశంలో ఇంకా ముచ్చటైన ఉదాహరణ బిహార్‌లోని నలందా జిల్లాది. 'సెహర్' పేరుతో 70కి పైగా ప్రభుత్వ పాఠశాలల్లో సాగిన ఈ ప్రయోగం ఫలితాలు 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. కొన్ని బళ్లలో పిల్లలతో మాట్లాడే పని టీచర్లకు అప్పగించారు, కొన్నింట్లో శిక్షణ పొందిన మామూలు మనుషులకు. వాళ్లు మానసిక నిపుణులు కారు. గోడపత్రిక, పిల్లలు మనసులో మాట రాసి వేసే పెట్టె, బృంద చర్చలు, విడిగా కూర్చుని మాట్లాడటం... ఇంతే సరంజామా. ఏడాది తిరిగేసరికి ఈ మామూలు మనుషులున్న బళ్లలో వేధింపులూ కొట్లాటలూ తగ్గాయి. టీచర్లు నడిపిన చోట చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పాఠం చెప్పి, మార్కులు వేసే మనిషి దగ్గరే గుట్టు విప్పమంటే ఏ పిల్లాడు విప్పుతాడు?

అపోహ: అవన్నీ ఎక్కడో జరుగుతాయి, ఇక్కడ కుదరవు.

వాస్తవం: పుదుచ్చేరిలోని వైద్య సంస్థ జిప్‌మర్ పట్టణ ఆరోగ్య కేంద్రం కురుసుకుప్పంలోనే ఉంది, వైతికుప్పం దాని పరిధిలోదే. డాక్టర్లు ఇంటింటికీ వెళ్లడం ఇక్కడ కొత్త కాదు. జిప్‌మర్ వాళ్లు తమ పట్టణ సేవా ప్రాంతంలోని 20–25 ఏళ్ల యువతతో వ్యాయామం, ఉప్పు తగ్గించడం, యోగా చేయించి రక్తపోటు తగ్గుతుందని చూపారు. 2009లో ఆ వివరాలు అచ్చయ్యాయి. రక్తపోటుకు పనికొచ్చిన దారి కొట్లాటలకు పనికిరాదా? తలుపు తట్టే డాక్టర్లున్నారు, జాలరుల పేటలకు పెద్దల పంచాయతీలున్నాయి. వాళ్ల ఇంటింటి సర్వే ఫారంలో కొట్లాటల గురించీ నాలుగు ప్రశ్నలు చేర్చాలి. ఆ ప్రశ్నలు రాసేటప్పుడు పదహారేళ్ల కుర్రాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకోవాలి.