టెలివిజన్ పాఠాల చరవాణి రూపాంతరం: పినపాక అటవీ ప్రాంత నేపథ్యంలో లిపి, ధ్వనుల పరిశీలన

వ్యాససంగ్రహం:

టెలివిజన్‌లో ప్రసారమైన పాఠాన్ని గాని, ధారావాహిక భాగాన్ని గాని చరవాణిలో చూడటానికి వీలుగా మార్చినప్పుడు దృశ్యంలోనూ ధ్వనిలోనూ కొంత సమాచారం శాశ్వతంగా తొలగిపోతుంది. ఆ తొలగింపు ఎక్కడ జరుగుతుందో తెలియకపోతే తెలుగు లిపిలోని గుడులు, వత్తులు, తెలుగు ధ్వనులలోని ఊష్మాల భేదాలు ముందుగా దెబ్బతింటాయి. తెలుగును రెండవ భాషగా నేర్చుకునే కోయ విద్యార్థికి ఈ నష్టం మరింత ఎక్కువ. పినపాక వంటి అటవీ ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని రూపాంతర ప్రక్రియను వివరించడం, లిపికీ ధ్వనికీ హాని కలగని పద్ధతిని సూచించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: టెలివిజన్ పాఠాలు, చరవాణి, రూపాంతరం, తెలుగు లిపి, ఊష్మాలు, కోయ భాష, పినపాక.

1. ఉపోద్ఘాతం:

గోదావరి తీరాన, అడవికీ బొగ్గుగనులకూ చేరువలో ఉన్న మండలం పినపాక. పూర్వం ఖమ్మం జిల్లాలో ఉన్న ఈ మండలం, 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో చేరింది. షెడ్యూల్డు తెగలకు కేటాయించిన శాసనసభా నియోజకవర్గం ఈ పేరుతోనే ఉంది. ఈ ప్రాంతంలో కోయ మాట్లాడే కుటుంబాల పిల్లలకు ఇంటిభాష ఒకటి, బడిభాష మరొకటి.

తెలుగు పల్లెలకు టెలివిజన్ తొలిరోజుల్లోనే విద్యాసాధనంగా వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు దేశంలోని ఆరు రాష్ట్రాలలో, సుమారు 2400 గ్రామాలలో జరిగిన ఉపగ్రహ బోధన ప్రయోగం 'సైట్'లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఊరందరికీ ఒకే పెట్టె, దాని ముందు పిల్లలు, పెద్దలు. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం మొదలైంది. నాలుగు దశాబ్దాల తరువాత, కరోనా కాలంలో బడులు మూతపడినప్పుడు, తెలంగాణ ప్రభుత్వం 2020 సెప్టెంబరు 1 నుంచి 3 - 10 తరగతుల పాఠాలను దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్ళ ద్వారా ప్రసారం చేసింది.

ప్రసారానికి ఒక పరిమితి ఉంది. అది నిర్ణీత వేళకు వచ్చి వెళ్ళిపోతుంది. ఇంట్లో టెలివిజన్ లేకపోయినా, ఆ వేళకు కరెంటు పోయినా, పిల్లవాడు పశువుల వెంట వెళ్ళినా ఆ పాఠం అందదు. గుట్టలూ అడవీ ఉన్న చోట టవర్ సంకేతం కూడా అన్ని గూడేలకూ ఒకేలా చేరదు కనుక అంతర్జాలంలో చూడటం నమ్మదగిన ప్రత్యామ్నాయం కాదు. సంకేతం ఉన్న చోట పాఠాన్ని దింపుకొని, మెమరీ కార్డులోకి ఎక్కించి, గూడెంలోని చరవాణిలో చూపించడమే మిగిలిన మార్గం. పాటలూ సినిమాలూ మెమరీ కార్డుల్లోకి ఎక్కించే అలవాటు తెలుగునాట సెల్‌ఫోను దుకాణాల ద్వారా ఎప్పటినుంచో ఉన్నదే. అయితే సినిమాకు సరిపోయిన పద్ధతి పాఠానికి సరిపోదు. ఎందుకు సరిపోదన్నదే ఇక్కడి ప్రధాన ప్రశ్న.

2. ప్రసార రూపం - చరవాణి రూపం:

భారతదేశంలో వాడిన పాల్ పద్ధతిలో చిత్రానికి 625 వరుసలు. వాటిలో తెరపై కనిపించేవి 576. సెకనుకు 25 చిత్రాలు. ఒక్కొక్క చిత్రం రెండు విడతలుగా వస్తుంది. మొదట బేసి వరుసలు, తరువాత సరి వరుసలు, లేదా ఇందుకు విలోమంగా. పాత గాజుతెర టెలివిజన్ దీనికి అనుగుణంగా తయారైంది. చరవాణి తెర మాత్రం చిత్రాన్ని మొత్తంగా ఒకేసారి చూపుతుంది. రెండు విడతలనూ సరిగా కలపకుండా మారిస్తే, కదులుతున్న చేతి అంచున దువ్వెన పళ్ళ వంటి గీతలు కనిపిస్తాయి. కదిలే అక్షరపంక్తి చదవరాకుండా పోతుంది. కాబట్టి విడతలను కలపడం మొదటి పని. చిత్ర పరిమాణాన్ని తగ్గించడం దాని తరువాతనే. ఈ క్రమం తారుమారైతే దువ్వెన గీతలు చిత్రంలో శాశ్వతంగా కలిసిపోతాయి. అయితే కొన్ని పాఠాలు ముందే పూర్తి చిత్రాలుగా నమోదై ఉంటాయి. వాటికి ఈ పని అనవసరం. మూలాన్ని ముందు పరిశీలించి నిర్ణయించాలి.

రెండవ అంశం నిష్పత్తి. ప్రామాణిక డిజిటల్ ప్రసారంలో చిత్రం 720×576 పిక్సెళ్ళు. ఆ పిక్సెళ్ళు చతురస్రాలు కావు. అందువల్ల 4:3 నిష్పత్తి చిత్రాన్ని 640×480గాను, 16:9 చిత్రాన్ని 854×480గాను మార్చాలి. ఇది పాటించకపోతే మనుషులతో పాటు అక్షరాలూ సాగిపోయో కుదించుకుపోయో కనిపిస్తాయి.

మూడవది పెట్టెకూ సరుకుకూ ఉన్న తేడా. ఎంపీ4, ఎంకేవీ అనేవి పెట్టెలు. వాటిలోపల దృశ్యాన్ని కుదించి ఉంచే పద్ధతిని కోడెక్ అంటారు. డీవీడీలలోనూ పాత డిజిటల్ ప్రసారాలలోనూ ఉన్నది ఎంపెగ్-2. 2003లో ప్రమాణంగా వెలువడిన హెచ్.264 దాదాపు అన్ని చరవాణులలోనూ పనిచేస్తుంది. 2013 నాటి హెచ్.265 ఇంకా తక్కువ చోటు తీసుకుంటుంది గాని పాత చరవాణులలో ఆడకపోవచ్చు. మూలంలో ఇప్పటికే హెచ్.264 ఉంటే, పెట్టెను మాత్రమే మార్చవచ్చు. అప్పుడు నాణ్యత ఇసుమంతైనా తగ్గదు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ఉపకరణంతో ఈ పని నిమిషాల్లో ముగుస్తుంది.

3. తెలుగు లిపికి కలిగే నష్టం:

తెలుగు అక్షరం మూడంతస్తుల కట్టడం. పైన తలకట్టు, గుడి, ఏత్వం. నడుమ హల్లు. కింద వత్తు. రోమన్ లిపిలోని పెద్దక్షరం ఒక్క అంతస్తులో ఇమిడిపోతుంది. అందువల్ల అంత చిన్న పరిమాణంలో ఆంగ్ల పదం చదవగలిగినా తెలుగు పదం చదవలేకపోవడం సహజం.

దీనిని లెక్కతో చూడవచ్చు. తెర ఎత్తులో పదహారవ వంతు ఎత్తున నల్లబల్లపై ఒక పంక్తి రాశారనుకుంటే, 576 వరుసల మూలంలో దానికి 36 వరుసలు దక్కుతాయి. 2005లో వీడియో చూపగలిగిన తొలి ఐపాడ్ తెర 320×240. ఆ కొలతలో అదే పంక్తికి 15 వరుసలే మిగులుతాయి. పాత చరవాణులలోని 176×144 కొలతలో 9 వరుసలు. అంటే గుడికి మూడు, హల్లుకు మూడు, వత్తుకు మూడు. 'థ'ను 'ధ' నుంచి వేరుచేసే నడిమి చుక్కకు ఒక్క వరుస కూడా నిలవదు. 'అర్థం', 'అర్ధం' అనే రెండు పదాల తేడా ఆ చుక్కపైనే ఆధారపడి ఉంది. 'తిరు', 'తీరు' పదాల తేడా గుడి చివరి కొసలో ఉంది. 'పలము', 'ఫలము' పదాల తేడా హల్లు కింది చిన్న గీతలో ఉంది.

తెలుగు మాతృభాషగా గల పాఠకుడు మసకబారిన అక్షరాన్ని సందర్భాన్నిబట్టి పూరించుకుంటాడు. ఆ పదాన్ని మొదటిసారి చూస్తున్న కోయ విద్యార్థికి ఆ సందర్భజ్ఞానం ఇంకా ఏర్పడలేదు. అతనికి తెరపై కనిపించిందే అక్షరం. కాబట్టి పాఠాలకు 480 వరుసలను కనీస కొలతగా తీసుకోవాలి. అప్పుడు పై ఉదాహరణలోని పంక్తికి 30 వరుసలు దక్కి ఒక్కో అంతస్తుకు పది మిగులుతాయి.

4. ధ్వనికి కలిగే నష్టం:

పాత చరవాణుల కోసం చేసే త్రీజీపీ దస్త్రాలలో ధ్వనిని తరచు ఏఎంఆర్ పద్ధతిలో కుదిస్తారు. ఇది టెలిఫోను సంభాషణకు ఉద్దేశించినది. సెకనుకు 8000 నమూనాలు మాత్రమే తీసుకుంటుంది. అందువల్ల 4000 హెర్ట్జ్‌లకు పైనున్న ధ్వని అందులో ఉండదు. దంత్య ఊష్మమైన 'స'కారపు శక్తిలో అధికభాగం ఆ హద్దుకు పైనే ఉంటుంది. తాలవ్య 'శ'కారపు శక్తి కొంత దిగువ నుంచే మొదలవుతుంది. పై భాగం తెగిపోయినప్పుడు ఈ రెంటి భేదం మసకబారుతుంది. 'శకలం', 'సకలం' అనే పదాలు ఒకేలా వినిపించవచ్చు.

ఏఏసీ పద్ధతి మేలైనది. అయితే అతితక్కువ బిట్‌రేటుకు వాడే దాని ఒక రకం పై పౌనఃపున్యాలను యథాతథంగా భద్రపరచదు. దిగువ పౌనఃపున్యాల ఆధారంగా వాటిని వినిపించే వేళ తిరిగి నిర్మిస్తుంది. చెవికి ఇంపుగానే ఉంటుంది గాని అది వక్త పలికిన ధ్వని కాదు. ధ్వనిశాస్త్ర పరిశోధకులు, మాండలిక పరిశీలకులు టెలివిజన్ భాగాల నుంచి ఊష్మాలనో మహాప్రాణాలనో కొలవదలిస్తే ఇటువంటి ప్రతిని ఆధారంగా తీసుకోరాదు. పాఠాలకు సాధారణ ఏఏసీలో ఒకే వాహికతో సెకనుకు 64 కిలోబిట్లు సరిపోతాయి.

5. నిల్వ, పరిమాణాల లెక్క:

వరుసలు పెంచితే దస్త్రం పెరిగి కార్డులో చోటు చాలదన్న సందేహం సహజం. పాఠం స్వభావం ఇక్కడ సహాయపడుతుంది. నృత్యంలోనో పోరాట దృశ్యంలోనో ప్రతి చిత్రమూ మారిపోతుంది. పాఠంలో ఉపాధ్యాయుడి చేయి కదులుతుంది, బల్ల కదలదు. ఆధునిక కోడెక్‌లు మారిన భాగానికే ఎక్కువ బిట్లు వెచ్చిస్తాయి కాబట్టి 480 వరుసల పాఠం సెకనుకు సుమారు 500 కిలోబిట్లలో ఇమడగలదు. ధ్వనితో కలిపి 564. అరగంట పాఠానికి ఇది దాదాపు 127 మెగాబైట్లు. 32 గిగాబైట్ల కార్డులో ఇటువంటివి 250 వరకు పడతాయి. సెకనుకు 4 మెగాబిట్ల ఎంపెగ్-2 మూలమైతే అదే అరగంటకు 900 మెగాబైట్లు అవుతుంది. అదే కార్డులో 35 మాత్రమే పడతాయి. కాబట్టి పొదుపు కోడెక్ ద్వారా సాధించాలి, అక్షరాన్ని కుదించి కాదు.

మరొక నియమం మూలం నుంచే మార్చడం. ఒకసారి కుదించిన ప్రతిని మళ్ళీ కుదిస్తే మొదటి లోపాలనూ సమాచారంగా భావించి కోడెక్ వాటికి బిట్లు ఖర్చు చేస్తుంది. సందేశ అనువర్తనాల ద్వారా చేతులు మారిన వీడియోలు క్రమంగా మసకబారడానికి ఇదే కారణం. మూలప్రతిని మార్చకుండా వేరుగా దాచి, ఛానల్ పేరు, ప్రసార తేదీ, తరగతి, పాఠం పేరు దానికి జతచేయాలి. ఈ వివరాలు లేని భాగం పరిశోధనలో ఆధారంగా నిలవదు.

6. కోయ వివరణ చేర్చడం:

ఎంపీ4 పెట్టెలో ఒకే దృశ్యానికి రెండు ధ్వని వాహికలను ఉంచవచ్చు. తెలుగు పాఠం ఒకదానిలో, కోయ వివరణ మరొకదానిలో. కాని చరవాణులలోని అనేక సాధారణ ప్లేయర్లు మొదటి వాహికనే వినిపిస్తాయి. అందువల్ల కోయ వివరణతో వేరొక దస్త్రం చేయడం క్షేమం. ఉపశీర్షికల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పాత చరవాణులు తెలుగు వత్తులను హల్లు కింద చేర్చలేక పక్కన విడిగా చూపుతాయి. అటువంటి చోట ఉపశీర్షికలను చిత్రంలోనే ముద్రించి ఇవ్వాలి.

7. చట్టపరమైన పరిధి:

కాపీరైటు చట్టం, 1957లోని 37వ సెక్షన్ ప్రసారసంస్థకు 25 ఏళ్ళ ప్రసార పునరుత్పత్తి హక్కును ఇచ్చింది. స్వంత వినియోగానికి గాని, కేవలం నిజాయితీగల బోధన, పరిశోధనల కోసం గాని ప్రసారాన్ని నమోదు చేసుకోవడం ఆ హక్కుకు భంగం కాదని 39వ సెక్షన్ చెబుతుంది. అయితే ప్రసారంలోని సంగీతం, కథ, చిత్రాలపై రచయితలకూ నిర్మాతలకూ ఉన్న హక్కులు వేరు. వాటికి 52వ సెక్షన్‌లోని మినహాయింపులు వర్తిస్తాయో లేదో విడిగా చూడాలి. ప్రతులను అమ్మడం, అంతర్జాలంలో ఉంచడం ఈ పరిధిలోకి రావు. ప్రభుత్వ పాఠాలనైనా విస్తృతంగా పంచేటప్పుడు సంబంధిత సంస్థ అనుమతి పొందడం ఉచితం.

8. ముగింపు:

• రూపాంతరం కేవలం సాంకేతిక చర్య కాదు. ఏది ఉంచాలో ఏది వదలాలో నిర్ణయించే సంపాదకత్వం కూడా.
• తెలుగు పాఠాలకు 480 వరుసలు, సెకనుకు 64 కిలోబిట్ల సాధారణ ఏఏసీ ధ్వని కనీస ప్రమాణాలుగా ఉండాలి.
• విడతల కలయిక, నిష్పత్తి సవరణ, పరిమాణ తగ్గింపు అనే క్రమాన్ని పాటించాలి.
• మూలప్రతిని వివరాలతో సహా భద్రపరచి, ప్రతిసారీ దాని నుంచే కొత్త ప్రతిని తీయాలి.
• 'కనిపిస్తోంది, వినిపిస్తోంది' అన్నది నాణ్యతకు గీటురాయి కాదు. పినపాక అడవిలోని విద్యార్థి ఆ ప్రతిని చూసి 'అర్థం', 'అర్ధం' పదాలను వేరుగా చదవగలగాలి, 'శకలం', 'సకలం' పదాలను వేరుగా వినగలగాలి. మార్చిన ప్రతిని పంచే ముందు ఒక చిన్న తెరపై ఈ పరీక్ష జరపడం ఉపాధ్యాయుల, పరిశోధకుల బాధ్యత.