మీకు తెలుసా? గంజితో పొట్ట నిండుతుంది, ఒంటికి పట్టదు

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండే వేములపల్లి, మిర్యాలగూడ పల్లెల్లో బియ్యానికి కరువు లేదు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఆరు నెలలు దాటి ఐదేళ్లలోపున్న పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత. కారణాలు చాలానే ఉన్నా, తిండిది పెద్ద వాటా. పాలిష్ పట్టిన బియ్యంలో ఇనుము తక్కువ, ఆరు నెలలు నిండాక తల్లిపాలలోనిదీ చాలదు. పసిపొట్టకు పట్టేదే కొంచెం, అందులో సగం గంజినీళ్లయితే బలమెక్కడిది? కాబట్టి పూటల మధ్య పెట్టే చిరుతిండి చెంచా వంచినా జారిపోనంత చిక్కగా ఉండాలి. మెదిపిన అరటిపండు, నెయ్యి వేసిన మెత్తటి పెసరపప్పు, ఉడికించి చిదిమిన గుడ్డు బాగా పనికొస్తాయి.

గుడ్డు వేడి చేస్తుందని, అరగదని పెద్దవాళ్లు ఆపుతుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాలు మాత్రం ఆరు నెలల నుంచే గుడ్డు, చేప, మాంసం వంటివి రోజూ పెట్టమంటున్నాయి. గట్టి గింజలు గొంతుకు అడ్డం పడతాయన్న భయం మాత్రం సరైనదే: పల్లీలు గింజలుగా వద్దు, మెత్తగా నూరి చిక్కటి జావలో కలపాలి. తేనె ఏడాది నిండేదాకా నాకించకూడదు. పాలలో నానేసిన బిస్కెట్ సులువే, కానీ అది మైదా, చక్కెరే. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతంలో గోధుమ, శనగపప్పు, పాలపొడితో పాటు చక్కెర కూడా ఉంటుంది, ఇంట్లో మళ్లీ తీపి కలపొద్దు. ఆ ప్యాకెట్ ఇంటిల్లిపాదికీ పంచకుండా బిడ్డకే ఉంచండి.