మీకు తెలుసా? పొద్దుటి నిశ్శబ్దం ఆకలినీ చక్కబెడుతుంది

నిద్ర లేచాక మొదటి 30–45 నిమిషాల్లో కార్టిసాల్ హార్మోను బాగా పెరుగుతుంది. ఒంటిని పగటి పనికి సిద్ధం చేసే హార్మోను ఇది. ఆ కాసేపు ఫోను పక్కన పెట్టి, మంచినీళ్లు తాగి, వాకిట్లోనో డాబా మీదో వెలుతురులో కూర్చోండి. పొద్దుటి వెలుతురు మెదడులోని జీవ గడియారాన్ని సరిచేస్తుంది. రాత్రి వేళకు నిద్ర పట్టడానికి అది సాయపడుతుంది.

నిద్రకీ తిండికీ ఉన్న ముడిని మనం తగినంత పట్టించుకోవడం లేదు. కొవ్వు కణాలు పంపే లెప్టిన్ ఆకలిని అణుస్తుంది. దాన్ని 1994లో కనుగొన్నారు. ఆకలి పుట్టించే గ్రెలిన్‌ను 1999లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. నిద్ర తక్కువైతే గ్రెలిన్ పెరిగి, లెప్టిన్ తగ్గుతుందని కొన్ని అధ్యయనాల్లో తేలింది. సరిగా నిద్రలేని రాత్రి మర్నాడు బజ్జీల మీదకు, స్వీట్ల మీదకు మనసు లాగితే మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ముందు ఆ రోజు రాత్రి త్వరగా పడుకోండి.

ఆ నిశ్శబ్దం టిఫిన్ వేళా మేలే. టీవీ చూస్తూ టిఫిన్ చేస్తే అప్పుడే కాదు, ఆ తర్వాతి పూట కూడా ఎక్కువ తినే అవకాశం ఉంది. ఏం తిన్నామో, ఎంత తిన్నామో సరిగా గుర్తుండకపోవడం ఇందుకు ఒక కారణం.

టిఫిన్ గురించే ఇంకో మాట, ముఖ్యంగా రక్తహీనత ఉన్న ఆడవాళ్లకు. టీలోని టానిన్లు పప్పులు, ఆకుకూరల్లోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వవు. పెసరట్టు తిన్న గంటకు టీ తాగండి. పెసరట్టుతోపాటు జామపండు తింటే, అందులోని విటమిన్ సి వల్ల ఆ ఇనుము ఇంకా బాగా అందుతుంది.