దస్తర్‌ఖాన్ మర్యాద హోటల్ బల్ల దగ్గర ఏమవుతోంది?

పండుగ సాయంత్రం బెజవాడ బందరు రోడ్డు మీద ఏ హోటల్ ముందు నిలబడి చూసినా ఒకటే దృశ్యం. కొత్త బట్టల్లో పిల్లలు, అత్తరు గుబాళింపు, బల్ల ఎప్పుడు ఖాళీ అవుతుందా అని గుమ్మం దగ్గర ఎదురుచూసే కుటుంబాలు. గుడివాడ నుంచి, ఉయ్యూరు నుంచి, మచిలీపట్నం నుంచి వచ్చిన చుట్టాలు కూడా వారిలో ఉంటారు. మా చిన్నతనంలో హోటల్ భోజనమంటే ఊరు వెళ్ళిన మగవాళ్ళ వ్యవహారం. ఆడవాళ్ళు వస్తే పరదా కట్టిన 'ఫ్యామిలీ రూము'లో కూర్చుని తొందరగా తిని లేచేవారు. ఇప్పుడు నెలకొకసారైనా బయట తినని ఇల్లు పట్టణంలో తక్కువే.

ఇందులో తప్పేమీ లేదు. భార్య నోటికి అందించే ముద్ద కూడా పుణ్యంగా లెక్కకు వస్తుందని దైవప్రవక్త (స) తన సహచరుడు హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి)కు తెలియజేశారు. హలాల్ సంపాదనతో ఆలుబిడ్డలను సంతోషపెట్టడం మంచి పనే. అయితే లోపలికి వెళ్ళి కూర్చున్న పది నిమిషాల తర్వాత ఏం జరుగుతోంది? ఒక పిల్లవాడు చెంచాతో గ్లాసు మీద వాయిస్తుంటాడు. ఇంకొకడు పక్కబల్ల వాళ్ళ పళ్ళెంలోకి తొంగిచూస్తుంటాడు. మూడోవాడు బల్లల మధ్య పరుగు పందెం పెట్టుకుంటాడు. నాలుగోవాడి చేతిలో సెల్‌ఫోన్ ఉంటుంది కాబట్టి వాడు 'బుద్ధిమంతుడు'.

నేను ఇతరుల పిల్లల మీద ఫిర్యాదు చేయడానికి ఈ వ్యాసం రాయడం లేదు. నా ఇంట్లో జరిగిన సంగతితోనే మొదలుపెడతాను.

ఆ రోజు తప్పు ఎవరిది?

సుమారు పదిహేనేళ్ళ కిందటి ఈద్ రాత్రి. మా అమ్మగారితో కలిపి తొమ్మిది మందిమి ఒక హోటల్‌కు వెళ్ళాం. బల్ల దొరకడానికే అరగంట, ఆర్డరు ఇచ్చాక మరో అరగంట. ఆరేళ్ళ మా అబ్బాయి, వాడి ఖాలా కొడుకు కలిసి బల్లల మధ్య పట్టుకునే ఆట మొదలుపెట్టారు. మేము పెద్దవాళ్ళం కబుర్లలో ఉన్నాం. ఇంతలో వేడివేడి షోర్బా గిన్నెలున్న ట్రేతో సర్వర్ వస్తున్నాడు. పట్టుమని ఇరవై ఏళ్ళుండవు. మావాడు పరుగున వెళ్ళి అతని మోకాళ్ళకు గుద్దుకున్నాడు. ఆ కుర్రవాడు ట్రేను తన వైపుకు వంచుకున్నాడు. బిడ్డ మీద చుక్క పడలేదు. అతని ముంజేయి మాత్రం కాలింది.

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట ఏమిటో తెలుసా? "కళ్ళు కనబడటం లేదా?" అని అతని మీద అరిచాను. మేనేజరు వచ్చి తన వంతుగా అతన్నే తిట్టాడు. ఆ కుర్రవాడు చేయి పట్టుకుని, "బాబుకి ఏమీ తగల్లేదు గదా సార్" అని మాత్రం అడిగాడు.

ఆటోలో ఇంటికి వస్తుంటే మా అమ్మగారు ఒక్క మాటన్నారు. "బేటా, పరుగెత్తింది నీ కొడుకు. తిట్లు తిన్నది ఇంకో తల్లి కొడుకు." నాకు జవాబు దొరకలేదు. మర్నాడు మా చిన్నమ్మాయి చేయి తగిలి నీళ్ళ గ్లాసు ఒలికింది. మావాడు చెల్లెలి మీద నా గొంతుతోనే అరిచాడు, "కళ్ళు కనబడటం లేదా?" అని. బడిలో ఎన్నో ఏళ్ళుగా పిల్లలకు తమీజ్ చెబుతున్న ఉస్తాద్‌ను నేను. హోటల్లో ఒక్క క్షణంలో నేను చెప్పిన పాఠాన్నే వాడు బాగా నేర్చుకున్నాడు.

మూడో రోజు మావాణ్ణి తీసుకుని ఆ హోటల్‌కు వెళ్ళాను. అతని చేతికి కట్టు ఉంది. ముందు నేను క్షమాపణ అడిగాను, తర్వాత మావాడు సలాం చేసి 'మాఫ్ కరో భాయ్' అన్నాడు. అతను నవ్వి కౌంటరు మీదున్న గిన్నెలోంచి చెంచాడు సోంపు తీసి వాడి చేతిలో పోశాడు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

ఒకే పళ్ళెం, మూడు మాటలు

హజ్రత్ ఉమర్ బిన్ అబూ సలమా (రజి) చిన్నతనంలో దైవప్రవక్త (స) సంరక్షణలో పెరిగారు. ఆయన తల్లి విశ్వాసుల మాత హజ్రత్ ఉమ్మె సలమా (రజి). భోజనానికి కూర్చుంటే ఆ పిల్లవాడి చేయి పళ్ళెం నలుమూలలా తిరిగేదట. ప్రవక్త (స) ఆయనకు మూడు విషయాలు చెప్పారు: అల్లాహ్ పేరు తలచుకుని మొదలుపెట్టమని, కుడిచేత్తో తినమని, తనకు దగ్గరగా ఉన్నదే తినమని. ఆనాటి నుంచి నా భోజన పద్ధతి అదేనని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నారు. బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలు రెండింటిలోనూ ఈ ఉదంతం ఉంది.

సోదర సోదరీమణులారా, ఇందులో లేనిదేమిటో కూడా చూడండి. దెబ్బ లేదు, నలుగురిలో అవమానం లేదు, పళ్ళెం ముందు నుంచి లేపేయడం లేదు. చెప్పినవారు పక్కనే కూర్చుని అదే పళ్ళెంలో తింటున్నారు. పిల్లవాడు జీవితాంతం గుర్తుంచుకోవడానికి ఆ మూడు చిన్న మాటలే సరిపోయాయి.

మరొక సంఘటన. ప్రవక్త (స) పానీయం తాగారు. ఆయనకు కుడివైపున ఒక బాలుడు, ఎడమవైపున పెద్దలు ఉన్నారు. కుడివైపు వారికి ముందు ఇవ్వడం పద్ధతి. పెద్దలకు ఇవ్వనా అని ఆయన ఆ బాలుణ్ణే అనుమతి అడిగారు. తమ చేతి నుంచి దక్కే నా వాటాను ఇంకొకరికి వదులుకోనని బాలుడు అన్నాడు. ప్రవక్త (స) పాత్రను అతని చేతికే ఇచ్చారు. భోజన పంక్తిలో పిల్లవాడికి కూడా హక్కు, గౌరవం ఉన్నాయని దీని అర్థం. గౌరవం పొందిన పిల్లవాడికే ఇతరులను గౌరవించడం తెలుస్తుంది.

క్రీ.శ. 1111లో మరణించిన ఇమామ్ గజాలీ తన 'ఇహ్యా' గ్రంథంలో పిల్లల పెంపకం గురించి రాస్తూ భోజనానికే మొదటి స్థానం ఇచ్చారు. పిల్లల్లో ముందుగా తలెత్తే గుణం తిండి మీద ఆత్రం కాబట్టి, శిక్షణ అక్కడే ఆరంభం కావాలన్నది ఆయన వాదన. ఇతరుల కంటే ముందు చేయి పెట్టకూడదు, తినేవాళ్ళ వైపు గుచ్చిచూడకూడదు, గబగబా మింగకూడదు, బట్టలకు పూసుకోకూడదు. తొమ్మిది వందల ఏళ్ళ కిందటి మాటలు ఈనాటి ఏసీ హోటల్‌కు కూడా అక్షరాలా వర్తిస్తాయి. మౌలానా అష్రఫ్ అలీ థానవీ 'బిహిష్తీ జేవర్'లో ఇలాంటి విషయాలను సులభమైన ఉర్దూలో గృహిణుల కోసం రాశారు. మన దాదీలు, నానీలు ఎందరో పెళ్ళికి కానుకగా అందుకున్న పుస్తకమది.

ఇంట్లో బుద్ధిమంతుడు, బయట అల్లరివాడు

"మావాడు ఇంట్లో చక్కగా తింటాడండీ, బయటికి వస్తేనే ఇలా" అని చాలామంది తల్లులు అంటారు. అది నిజమే, దానికి కారణం ఉంది. ఇంట్లో దస్తర్‌ఖాన్ పరిచేసరికి వంట సిద్ధంగా ఉంటుంది. చేతులు కడుక్కోగానే అన్నం వస్తుంది. పిల్లవాడు అమ్మకూ దాదీకీ మధ్య నేల మీద కుదురుగా కూర్చుంటాడు. నీళ్ళు తేవడమో, పళ్ళేలు అందించడమో ఏదో ఒక పని ఉంటుంది.

హోటల్లో ఇవేవీ లేవు. ఇషా నమాజు తర్వాత బయల్దేరి తొమ్మిదింటికి చేరతాం. అప్పటికి వాడికి ఆకలి, నిద్ర రెండూ వస్తుంటాయి. కాళ్ళు నేలకు ఆనని కుర్చీ. చేయడానికి పని లేదు. పెద్దలు వాడితో మాట్లాడరు. అరగంట తర్వాత గానీ బిర్యానీ రాదు. అదే పిల్లవాణ్ణి ఉదయం గాంధీనగర్ బాబాయ్ హోటల్ వంటి టిఫిన్ హోటల్‌కు తీసుకెళ్ళండి. వెన్న వేసిన ఇడ్లీ త్వరగా ముందుకు వస్తుంది, వాడు బుద్ధిగా తింటాడు. తేడా పిల్లవాడిలో లేదు, ఎదురుచూపులో ఉంది.

ఆ ఎదురుచూపును నింపడానికి మనం సెల్‌ఫోన్ ఇస్తున్నాం. దానితో శబ్దం ఆగుతుంది, తమీజ్ మాత్రం రాదు. ఫోను చూస్తూ తినే పిల్లవాడికి తాను తిన్నదేమిటో తెలియదు, ఎదురుగా ఉన్న దాదీ ముఖం కనబడదు, పళ్ళెం తెచ్చిపెట్టిన మనిషి అసలే కనబడడు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. చాలా కుటుంబాల్లో పిల్లల బాధ్యత మొత్తం తల్లిదే. నాన్న వేడివేడిగా తిని చేయి కడుక్కుంటాడు. పిల్లలకు కలిపి తినిపించేసరికి అమ్మ పళ్ళెంలోని బిర్యానీ చల్లారిపోతుంది. చివరికి 'పిల్లలకు ఇదేనా నేర్పింది?' అనే నింద కూడా ఆమెకే. బయటికి తీసుకెళ్ళింది ఆమెకు విశ్రాంతి ఇవ్వడానికా, ఇంకో వంటిల్లు చూపించడానికా? తండ్రులు ఆలోచించుకోవాలి.

బల్ల తుడిచే చేతులు

1990లలో మన హోటళ్ళలో బల్లలు తుడిచేది తరచుగా పదేళ్ళ పిల్లలే. హోటళ్ళు, ధాబాల్లో పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు 10 నుంచి కేంద్రప్రభుత్వం నిషేధించింది. 2016 సవరణతో ఈ నిషేధం దాదాపు అన్ని పనులకూ విస్తరించింది. నేడు ఆ చేతులు యువకులవి, చాలాచోట్ల ఒడిశా నుంచో బెంగాల్ నుంచో పొట్టచేతపట్టుకుని వచ్చినవారివి. వారిని మన పిల్లలు 'ఏయ్, నీళ్ళు!' అని పిలుస్తుంటే మనం నవ్వి ఊరుకోకూడదు.

హజ్రత్ అనస్ (రజి) పదేళ్ళ వయసులో దైవప్రవక్త (స) సేవకు వచ్చి పదేళ్ళు ఉన్నారు. అంత కాలంలో తనను 'ఉఫ్' అని కూడా అనలేదని, ఇది ఎందుకు చేశావు, అది ఎందుకు చేయలేదు అని నిలదీయలేదని ఆయన సాక్ష్యమిచ్చారు. ప్రవక్త (స) భోజనానికి ఎన్నడూ వంక పెట్టేవారు కాదు, ఇష్టమైతే తినేవారు, లేకుంటే వదిలేసేవారు. మనం హోటల్లో బిర్యానీకి వంకలు పెట్టి, సర్వర్‌ను నాలుగు మాటలని, ఇంటికొచ్చి పిల్లవాణ్ణి 'అమ్మ చేసిన కూరకు వంక పెట్టకు' అంటే వాడు వింటాడా?

ఆచరణలో పెట్టదగినవి

బయల్దేరే ముందు చిన్నపిల్లలకు ఇంట్లోనే కొంచెం ఏదైనా తినిపించండి. వీలైతే మగ్రిబ్ తర్వాత త్వరగా వెళ్ళండి. సెలవు రోజున దస్తర్‌ఖాన్ దగ్గర 'హోటల్ ఆట' ఆడించండి. ఒకరు సర్వర్, ఒకరు అతిథి. సర్వర్‌గా నిలబడిన పిల్లవాడికి ఆ కష్టం తెలుస్తుంది.

హోటల్లో పిల్లలకు పని అప్పగించండి. నీళ్ళు ఎవరికి కావాలో అడగడం, దాదీకి చెంచా అందించడం, ఆర్డరు మర్యాదగా తామే చెప్పడం. ఎదురుచూసే సమయంలో వారితో మాట్లాడండి. ఒక ప్రవక్త కథకు సరిపడా సమయం అక్కడ దొరుకుతుంది. గొంతు తగ్గించి మాట్లాడమని హజ్రత్ లుఖ్మాన్ తన కుమారునికి చేసిన బోధ దివ్య ఖుర్ఆన్‌లో ఉంది. అది మనకు కూడా వర్తిస్తుంది.

కుర్చీలో నిలవలేని పసివాణ్ణి తండ్రి బయటికి తీసుకెళ్ళి నాలుగు అడుగులు వేయించాలి. నలుగురిలో కొట్టడం, తిట్టడం వద్దు. బల్లల మధ్య పరుగు మాత్రం ఎంతమాత్రం ఒప్పుకోవద్దు. అది అల్లరి మాత్రమే కాదు, ప్రమాదం. ఎవరికైనా చేయి కాలితే వెంటనే పది నుంచి ఇరవై నిమిషాలు చల్లటి ధార నీటి కింద ఉంచాలి. ఐసుముక్క, టూత్‌పేస్టు పెట్టకూడదు. గాయం పెద్దదైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి.

తినండి, తాగండి, కానీ దుబారా చేయవద్దన్నది ఖుర్ఆన్ ఆజ్ఞ. కాబట్టి కొద్దిగా తెప్పించుకుని, చాలకపోతే మళ్ళీ అడగండి. మిగిలింది పార్శిల్ కట్టించండి. లేచే ముందు కింద పడిన మెతుకులను పిల్లల చేతే కాగితంతో ఏరించండి. సర్వర్‌కు సలామో, నమస్కారమో చేయించి బయటికి రండి.

పక్కబల్ల వారికి కూడా ఒక విన్నపం. పసిబిడ్డ ఏడ్చినంత మాత్రాన ముఖం చిట్లించవద్దు. వెనుక వరుసలో బిడ్డ ఏడుపు వినిపిస్తే ఆ తల్లి ఆందోళనను తలచి దైవప్రవక్త (స) తన నమాజునే కుదించేవారు. మన బిర్యానీ నమాజు కంటే గొప్పది కాదు కదా!

మా అబ్బాయికి ఇప్పుడు ఇరవై ఏళ్ళు దాటాయి. మొన్న ఈద్‌కు అందరం బయట భోజనం చేశాం. లేచేటప్పుడు వాడు పళ్ళేలన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి, వచ్చిన సర్వర్ చేతికి అందించి, "షుక్రియా భాయ్" అన్నాడు. నేను చెప్పలేదు. సోంపు పోసిన ఆ చేతికి ఉన్న కట్టును వాడు ఆరేళ్ళ వయసులో చూశాడు.

అల్లాహ్ మన పిల్లలకు మంచి నడవడిని, వారికి మంచి ఉదాహరణగా నిలిచే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.